ఇల్లు అమ్ముకొనువారికి దళారి యవసరమా?



ఇల్లు అమ్మదలచిన గృహస్థు బ్రోకరును కుదుర్చుకొనవలెనా, లేక తానే స్వయముగ అమ్ముకొనవలెనా అనునది నేటి నా ప్రసంగ విషయము. ఇది సామాన్యమైన విషయమే గాని స్వల్పమైనది కాదు. ధాన్యమును ప్రతి పంటకును అమ్ముదుము. కొబ్బరికాయలను దింపు దింపినప్పుడెల్ల అమ్ముదుము. ఒక దింపులో ధర తప్పినను మరుసటి దింపునకు సర్దుకొనవచ్చును. ఇల్లు అట్టిది కాదు. మనుష్యుడు తన జీవితములో ఇల్లు అమ్ముట ఒక పర్యాయము, ఎక్కువలో ఎక్కువ రెండు పర్యాయములు. దళారి యన్ననో నెలకు రెండు బేరములు చూచిన వాడు. అనుభవము లేనివాడొకడు, అనుభవమే వృత్తిగా గలవాడొకడు ఒక అరుగుపై కూర్చుండి మాట్లాడుకొనునప్పుడు, మొదటి వానికి కొంత ముందుచూపు కావలెను. అందులకే ఈ నాలుగు మాటలు.

కోనసీమలో ఈ ప్రశ్న తరచుగ వచ్చుచున్నది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములందు ఏ ఊరికి వెళ్లినను, పెద్ద మండువా లోగిలిలో వృద్ధ దంపతులిద్దరే యుండుట కానవచ్చును. పిల్లలు హైదరాబాదులోనో, విశాఖపట్టణములోనో, గల్ఫు దేశములలోనో, అమెరికాలోనో ఉందురు. పెంకులు నేయించు వారు లేరు, పెరడు చూచువారు లేరు. "నాన్నగారూ, అమ్మివేసి మా వద్దకు రండి" అని ఫోనులో కుమారుడు చెప్పును. ఆ మాట పడిన వారము దినములకే ఊరిలోని బ్రోకరు వీధి గుమ్మములో ప్రత్యక్షమగును. ఇల్లే ఆ దంపతుల సర్వస్వము. దాని సొమ్ముతోనే మిగిలిన కాలము గడవవలెను. కావున ఈ నిర్ణయము తొందరపాటుతో చేయదగినది కాదు.

మొదట దళారి చేయు పని యేమో విచారింతము. కొబ్బరికాయ ధర యెంతయని తెలిసికొనుటకు అంబాజీపేట మార్కెట్టు కలదు. ఒక కాయ మరియొక కాయను పోలియుండును గనుక, అక్కడి ధరయే మన కాయకును ధర. ఇంటికి అట్టి మార్కెట్టు లేదు. ఒక ఇంటిని పోలిన ఇల్లు మరియొకటి లేదు. ఒకటి తూర్పు వాకిలి, ఒకటి దక్షిణపు వాకిలి. ఒకదానికి కారు వచ్చు దారి కలదు, ఒకదానికి సందు మాత్రమే కలదు. అమ్మువాడు ఎవ్వరో కొనువానికి తెలియదు, కొనువాడు ఎవ్వరో అమ్మువానికి తెలియదు. ఈ తెలియమి యున్నచోటనే దళారి పుట్టును. పశువుల సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టుకొని ధర కుదుర్చు వారిని మనము చూచియున్నాము. పని అదియే, వస్తువు మాత్రము వేరు.

దళారి పనిని నాలుగు భాగములుగా విడదీయవచ్చును. కొనువానిని వెదకి తెచ్చుట మొదటిది. ధర యెంత పలుకునో చెప్పుట రెండవది. ఇరువురి నడుమ మాట నడిపి బేరము కుదుర్చుట మూడవది. కాగితములు సమకూర్చి రిజిస్ట్రారు కచేరి వరకు నడిపించుట నాలుగవది. ఈ నాలుగింటిలో మీకు ఏవి కావలెనో, ఏవి అక్కరలేదో తేల్చుకొన్నచో, సగము ప్రశ్న తీరినట్లే.

కొనువాని సంగతి చూతము. ఊరి నడిబొడ్డున నున్న పాత ఇంటిని కొనువారు సాధారణముగ ఎవరు? ప్రక్క ఇంటివాడు, గోడ వెనుక వాడు, అదే వీధిలో వేరుపడిన అన్నదమ్ములలో ఒకడు, లేదా ఊరు విడిచిపోయి సొంత ఊరిలో ఒక నీడ కావలెనని కోరు బంధువు. వీరందరు మీరెరిగిన వారే. వీరిని వెదకుటకు దళారి యెందులకు? పురోహితునికి చెవిని వేసినచో చాలును. దేవాలయపు అరుగున నలుగురున్నప్పుడు ఒక మాట యన్నచో చాలును. మూడు దినములలో ఊరంతయు తెలియును. దూరముననున్న ఊరివారికి కూడ నేడు ఫోనుల ద్వారా ఆ దినముననే చేరును.

ఇక అమలాపురము పట్టణములో గాని, రావులపాలెము వంటి రహదారి కూడలిలో గాని ఇల్లున్నచో సంగతి వేరు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన కోనసీమ ప్రత్యేక జిల్లా యైనది. అమలాపురము దానికి ముఖ్యపట్టణమైనది. అట్టి చోట కొనువాడు ఉద్యోగరీత్యా వచ్చినవాడు కావచ్చును, వ్యాపారి కావచ్చును, పొరుగు జిల్లావాడు కావచ్చును. వానికి మీరు తెలియరు, మీకు వాడు తెలియడు. అచ్చట పేరున్న దళారి వద్ద కొనగోరు వారి పట్టిక యుండును. ఆ పట్టికకే మీరు కమీషను ఇచ్చుట. మూడవ విధము, ఇంటి యజమాని దూరదేశములో నుండి, ఇల్లు చూపించుటకు తాళము తీయువారైనను లేకుండుట. అప్పుడు ఎవరో యొకరి సహాయము తప్పదు.

ఇప్పుడు లెక్క చూతము. చాల చోట్ల దళారులు నూటికి ఒకటి గాని రెండు గాని చొప్పున అడుగుదురు. పలువురు ఇరుపక్షముల నుండియు పుచ్చుకొందురు. ఒక ఇల్లు 40 లక్షలు పలుకునని యనుకొందము. నూటికి రెండు చొప్పున 80,000 రూపాయలు. మీరు స్వయముగ 40 లక్షలకు అమ్మగలిగినచో, దళారి సుమారు 40 లక్షల 82 వేలకు అమ్మించిన గాని మీకు సరిసమానము కాదు. అంతకు మించి తెచ్చినచో లాభము, తేకున్నచో నష్టము. "అతడు మనకంటె అంత ఎక్కువ తేగలడా?" అని మిమ్ము మీరు ప్రశ్నించుకొనవలెను.

ఇచ్చట సూక్ష్మమైన విషయమొకటి కలదు. పెద్దలు దీనిని మనస్సున నుంచుకొనవలెనని ప్రార్థన. ఇంకొక నెల ఓపిక పట్టినచో ఇంకొక లక్ష వచ్చునని యనుకొనుడు. ఆ లక్షలో మీకు దక్కునది 98,000 రూపాయలు. దళారికి దక్కునది 2,000 రూపాయలు. రెండువేల కొరకు అతడు నెలదినములు ఏల తిరుగును? నేడే 39 లక్షలకు కుదిర్చినను వానికి వచ్చునది 78,000. అందుచేత "బేరము జారిపోవును, ఒప్పుకొనుడు" అని మీకు చెప్పుటయే వానికి లాభము. అతడు దుర్మార్గుడని నా భావము కాదు. త్రాసు అట్లు కట్టబడినది.

ఈ మాట నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలో లెవిట్, సివర్సన్ అను ఇరువురు అర్థశాస్త్రవేత్తలు షికాగో ప్రాంతములో జరిగిన సుమారు లక్ష ఇండ్ల అమ్మకములను పరిశీలించి 2008లో తమ పరిశోధనను ప్రకటించిరి. ఆ అమ్మకములలో దళారులు తమ సొంత ఇండ్లను అమ్ముకొన్నవి కూడ కలవు. పరుల ఇండ్లతో పోల్చి చూడగా, దళారులు తమ ఇండ్లను సుమారు తొమ్మిదిన్నర దినములు ఎక్కువ కాలము ఉంచి, నూటికి 3.7 వంతున ఎక్కువ ధరకు అమ్ముకొనిరని తేలినది. తన ఇల్లయినచో ఓపిక, పరుల ఇల్లయినచో తొందర! అదే దేశమున మాడిసన్ అను పట్టణమును గూర్చి 2009లో వెలువడిన మరియొక పరిశోధనలో, స్వయముగ అమ్ముకొన్న వారికి దళారి ద్వారా అమ్మిన వారికంటె ధర తగ్గలేదని కనుగొనిరి. కాని స్వయముగ అమ్మ యత్నించిన వారికి ఎక్కువ కాలము పట్టినది. కొందరికి అమ్మకమే కుదరలేదు. మన దేశపు వ్యవహారము వేరైనను, ఇందలి సారము మనకును వర్తించును. కాలము కొనవలసినవాడు దళారికి డబ్బు ఇచ్చును. ఓపిక గలవాడు ఆ డబ్బు మిగుల్చుకొనును.

అయినను ఓపికయు, ఎరుకయు ఉన్నంత మాత్రమున పని తీరదు. దళారి యెంతటి సమర్థుడైనను తీర్చలేని లోపములు కొన్ని కలవు. వానిని ముందు మీరే చక్కబెట్టుకొనవలెను. వానిలో మొదటిది హక్కు సంగతి. ఇల్లు తాత ముత్తాతల నాటిదైనచో ఆడపిల్లల వాటా మాట మరువరాదు. మన రాష్ట్రములో 1985 సెప్టెంబరు 5వ తేదీ నుండి అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో హక్కు కల్పింపబడినది. 2005 సెప్టెంబరు 9వ తేదీ నుండి దేశమంతటను కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కు వచ్చినది. ఆనాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. ఇక తండ్రి స్వార్జితమైనచో ఆయన తన ఇష్టము చొప్పున అమ్మవచ్చును. ఆయన వీలునామా లేక మరణించినచో భార్యకును, తల్లి యున్నచో ఆమెకును, కుమారులకును, కుమార్తెలకును సమాన వాటాలు.

ఈ సందర్భమున నేనెరిగిన ఒక ఊరి సంగతి చెప్పెదను. అన్నదమ్ములిద్దరు తండ్రి ఇంటిని అమ్మజూపిరి. దళారి మంచి ధరకే కొనువానిని తెచ్చెను. బయానా పుచ్చుకొనిరి. రిజిస్ట్రేషను దినమున కొనువాని పక్షపు వకీలు, "మీ అక్కగారి సంతకమేది?" అని యడిగెను. ఆమెకు పసుపు కుంకుమల క్రింద ఎప్పుడో ఇచ్చివేసితిమని వీరు చెప్పిరి. కాగితము లేదు. ఆమెకు కబురు వెళ్లునప్పటికి ఆమె మనస్సు నొచ్చియుండెను. "అమ్ముటకు ముందు నాతో ఒక్క మాట చెప్పియున్నచో సంతకము చేసి యుందునే" అని ఆమె యన్నదట. ఆరునెలలు గడచెను, కొనువాడు బయానా వెనుకకు తీసికొనెను. ఆ ఇల్లు పిమ్మట అమ్ముడుపోయినది గాని, ఆ అక్కగారు సంక్రాంతికి పుట్టింటి గడప త్రొక్కుట మానివేసినది. ఇది ఏ దళారి తీర్చగల లోపము? కొనువానిని వెదకుటకు ముందు తోబుట్టువులను కూర్చుండబెట్టి మాట్లాడవలెను.

రెండవది కాగితములు. మీ పేరునకు ఇల్లు ఎట్లు వచ్చినదో తెలుపు దస్తావేజులు వరుసగా నుండవలెను. సబ్ రిజిస్ట్రారు కచేరి నుండి ఈ.సీ. తీయించి, పాత తాకట్టు లేవైన మిగిలియున్నవేమో చూడవలెను. తీర్చిన అప్పునకు రద్దు కాగితము పుట్టించుకొనుట మరచినవారు మనలో చాలమంది కలరు. గ్రామకంఠములో నున్న ఇండ్లకు పలుమారు ఏ దస్తావేజును ఉండదు. పంచాయతీకి కట్టిన ఇంటిపన్ను రసీదులే యుండును. పన్ను రసీదు అనుభవమునకు సాక్ష్యమగునే గాని, హక్కునకు అదియే ప్రమాణము కాదు. అట్టి గ్రామ నివాస స్థలములకు కొలతలు వేసి పత్రములు ఇచ్చు ఉద్దేశముతో కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24వ తేదీన స్వామిత్వ పథకమును ప్రారంభించినది. మీ ఊరిలో ఆ పని ఎంతవరకు వచ్చినదో పంచాయతీ కార్యాలయములో విచారించుడు. స్థలమును కొలిపించి హద్దులు తేల్చుకొనుడు. సెంటు 48.4 చదరపు గజములు. సెంటు తేడా వచ్చినను ధరలో లక్షలు మారును.

మూడవది, దాచరాని లోపములు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, సాధారణ జాగ్రత్తతో కొనువాడు కనిపెట్టజాలని ముఖ్యమైన లోపమును, ఎరిగిన అమ్మకందారు చెప్పి తీరవలెను. మన ప్రాంతమునకు ఇది మరింత ముఖ్యము. 1986 ఆగస్టు వరదలో గాని, 2022 జూలై వరదలో గాని నీరు మీ గదిలో నెంతవరకు నిలిచినదో మీకు తెలియును, సున్నము వేసిన గోడను చూచిన కొనువానికి తెలియదు. పెరటి క్రిందుగా గ్యాసు గొట్టము పోవుచున్నదా? 1962 నాటి చట్టము ప్రకారము అట్టి గొట్టము కొరకు వినియోగపు హక్కు తీసికొన్న నేలపై కట్టడము కట్టరాదు. 2014 జూన్ 27వ తేదీన మామిడికుదురు మండలము నగరము గ్రామములో గ్యాసు గొట్టము ప్రేలి ప్రాణనష్టము జరిగిన పిమ్మట, కొనువారు ఈ ప్రశ్న అడుగుట సహజమే. నిజము చెప్పి రెండు రూకలు తగ్గించుకొన్నవాడు నిశ్చింతగా నిద్రించును.

దళారి మాటలకు మీరే బాధ్యులని కూడ తెలిసికొనుడు. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము, మీ పనిమీద నున్న ప్రతినిధి ఆ పనిలో భాగముగ పలికిన అబద్ధము మీరు పలికినట్లే చెల్లును. "ఇచ్చటికి ఎన్నడును వరద రాదండి," "వచ్చే యేటికి రైలు వచ్చునండి" అని అతడు చెప్పినచో, పిదప కోర్టులో నిలువవలసినవారు మీరు. కోటిపల్లి నరసాపురము రైలుమార్గము పేరు చెప్పి ఎన్ని యేండ్లుగా ఎన్ని బేరములు జరిగినవో మీరెరుగనిది కాదు.

ఇన్నియు చూచిన పిమ్మట దళారిని కుదుర్చుకొనుటయే మంచిదని తోచినచో, నిస్సంకోచముగ కుదుర్చుకొనుడు. మంచి దళారి విలువగల మనిషి. మొగమాటము వలన మీరు చెప్పలేని మాట అతడు చెప్పగలడు. బంధువు కొనవచ్చి ధర తగ్గింపుమని యడిగినప్పుడు కాదనలేక మీరు పడు బాధ, నడుమ మనిషి యున్నచో తప్పును. కాని మాట కాగితముపై నుండవలెను. ఏ ధరకు తక్కువగాకుండ, ఎంత గడువులోపల, ఎంత కమీషనుకు, ఎప్పుడు చెల్లించుటకు అను నాలుగు సంగతులును వ్రాసికొనవలెను. వేరు ఒడంబడిక లేనిచో, పని పూర్తియైన గాని ప్రతినిధికి ప్రతిఫలము రాదని చట్టమే చెప్పుచున్నది. కావున రిజిస్ట్రేషను దినమున ఇత్తునని వ్రాయుట న్యాయము. కొనువాని వద్ద కూడ పుచ్చుకొనుచున్నాడేమో ముందుగనే అడుగుడు; దాచినచో అతడు ఎవరి మనిషియో మీకు తెలియదు.

ఇందులకు ఒక ప్రసిద్ధమైన తీర్పు కలదు. 1943లో కలకత్తాలో ఒక ఇంటి యజమాని, లక్ష రూపాయలకు తగ్గకుండ తన ఇల్లు అమ్మించుటకు బేరమాడుమని ఒక దళారికి నెలదినముల గడువుతో పత్రము వ్రాసియిచ్చెను. దళారి కొనువారిని తెచ్చెను. యజమాని దళారిని త్రోసిపుచ్చి, తుదకు ఆ కొనువారి పక్షము వారికే అమ్మెను. వ్యాజ్యము పెరిగి పెరిగి సుప్రీంకోర్టు వరకు పోయి 1950లో తీర్మానమైనది. న్యాయస్థానము రెండు సంగతులు చెప్పినది. బేరమాడుమని వ్రాసినంత మాత్రమున యజమానిని బంధించు ఒప్పందము చేయుటకు దళారికి అధికారము లేదు. అయినను, దళారి తెచ్చిన కొనువారికే అమ్ముకొని వాని కష్టమునకు ఫలము లేదనుట చెల్లదు. ఈ తీర్పులో ఇరుపక్షములకును బుద్ధి కలదు. దళారిని మోసగించుటయు మోసమే.

మూడు ఉచ్చులను గూర్చి మాత్రము హెచ్చరింపవలసియున్నది. "మీకు ఇంత యిచ్చెదను, పైన వచ్చినది నాది" అను బేరము మొదటిది. ఇది వినుటకు సులువు. కాని అప్పుడు మీ ఇంటి నిజమైన ధర మీకు ఎన్నడును తెలియదు. రెండవది, దళారియే స్వల్పమైన బయానా యిచ్చి తన పేర గాని తన మనిషి పేర గాని ఒప్పందము వ్రాయించుకొని, దానిని ఎక్కువ ధరకు వేరొకరికి త్రిప్పుట. మీ సమ్మతి లేక తానే రహస్యముగ కొనిన ప్రతినిధి బేరమును మీరు కాదనవచ్చుననియు, వానికి వచ్చిన లాభమును అడుగవచ్చుననియు కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది గాని, దానిని రుజువుచేయుట కష్టము. గడువు లేని ఒప్పందముపై సంతకము చేయకుండుటయే మేలు. 2018లో సవరింపబడిన చట్టము ప్రకారము, ఒప్పందము చొప్పున అమ్మితీరవలెనని కోర్టులు ఆజ్ఞాపించుట మునుపటికంటె సులభమైనది. మూడవ ఉచ్చు జనరల్ పవరు. దూరముననున్న వారు దానిని నమ్మకమైన బంధువునకు ఇయ్యవలెనే గాని దళారికి ఈయరాదు. జనరల్ పవరుపై జరుగు అమ్మకము వలన హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పినది. విదేశములో నున్నవారు అచ్చటి నోటరీ యెదుట గాని, భారత కాన్సలు యెదుట గాని దానిని వ్రాసి, మన దేశమునకు చేరిన మూడు నెలలలోపల స్టాంపు వేయించవలెను.

"దళారులపై ప్రభుత్వపు అదుపు లేదా?" అని మీరడుగవచ్చును. 2016వ సంవత్సరపు రియల్ ఎస్టేటు చట్టము దళారులు రిజిస్టరు చేసికొనవలెనని విధించినది. కాని అది కొత్తగా వేయు లే-అవుట్లు, కట్టు అపార్టుమెంట్లు మొదలగు నమోదైన ప్రాజెక్టులలోని అమ్మకములకు సంబంధించినది. మీ తాతగారి పెంకుటింటిని అమ్మించు ఊరి బ్రోకరు ఆ కట్టుబాటులోనికి రాడు. ఆతని పేరు, నడవడి, పూర్వము అమ్మించినవారి మాట, ఇవియే మీకు రక్ష. ఆతడు అమ్మించిన ఇండ్ల యజమానులలో ఇద్దరిని కలిసికొని మాట్లాడిన గాని మాట ఈయకుడు.

స్వయముగ అమ్ముకొనువారు చేయవలసినది ఇది. మీ వీధిలో రెండేండ్లలో అమ్మిన ఇండ్ల ధర నలుగురిని అడిగి తెలిసికొనుడు. దస్తావేజులోని ధర పలుమారు నిజమైన ధర కాదు; ప్రభుత్వపు మార్కెట్టు విలువ కూడ కనీసపు లెక్క మాత్రమే. స్థలము విలువను, కట్టడము విలువను, కొబ్బరి చెట్ల ఫలసాయమును వేరువేరుగ కట్టించుడు. తెలిసిన ఇంజనీరుకు స్వల్పమైన రుసుము ఇచ్చి అంచనా వేయించుట వ్యర్థవ్యయము కాదు. పిమ్మట ఇంతకు తగ్గనని ఒక అంకె మీ మనస్సులో నిలుపుకొనుడు. దానిని భార్యకు దక్క అన్యులకు చెప్పకుడు. అనుభవము గల దస్తావేజు లేఖరిని గాని వకీలును గాని ఆశ్రయించినచో కాగితముల పని నడచును. వారికి మీరు ఇచ్చునది చేసిన పనికి రుసుము. ధరలో వాటా ఈయ నక్కరలేదు.

సొమ్ము విషయమున రెండు మాటలు. స్థిరాస్తి అమ్మకమున బయానా మొదలుకొని 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదని 2015 జూన్ 1వ తేదీ నుండి నియమము కలదు. బ్యాంకు ద్వారానే పుచ్చుకొనవలెను. ధర 50 లక్షలు గాని అంతకు మించి గాని యైనచో, కొనువాడు నూటికి ఒకటి చొప్పున పట్టి పన్ను శాఖకు కట్టును. అమ్మకపు లాభముపై మీకు పన్ను పడవచ్చును. దళారికి ఇచ్చిన కమీషను ఆ లాభపు లెక్కలో తీసివేయుటకు వీలుండును గనుక రసీదు పుచ్చుకొనుడు. పూర్తి సొమ్ము ఖాతాలో పడినదని చూచుకొన్న గాని దస్తావేజుపై సంతకము చేయకుడు, తాళపుచెవి ఈయకుడు.

ఇంతకును నా అభిప్రాయమేమని మీరడిగినచో, ఇట్లు చెప్పెదను. ఇల్లు ఊరిలోనిదై, కొనగలవారు మీ కెరుకయై, మీరు ఊరిలోనే యుండి, ఆరునెలలు ఓపిక పట్టగలిగినచో, దళారి యక్కరలేదు. ఇల్లు పట్టణములో గాని రహదారిపై గాని ఉండి కొనువాడు అన్యుడగునప్పుడును, మీరు దూరముననున్నప్పుడును, సొమ్ము త్వరలో కావలసినప్పుడును, పేరున్న దళారిని కాగితము వ్రాసికొని కుదుర్చుకొనుట మంచిది. ఏది చేసినను, హక్కు, ఆడపిల్లల సంతకము, హద్దులు, లోపములు, ఈ నాలుగింటిని ముందు సరిచూచుకొనుట మీ పని. ఇది కిరాయికి ఇచ్చు పని కాదు.

చివరగా ఒక మనవి. బ్రోకరు గుమ్మములో నిలిచి "ఎంతకు ఇత్తురండి?" అని యడుగుటకు ముందే, వృద్ధులైన భార్యాభర్తలు ఒకరినొకరు మరియొక ప్రశ్న అడుగుకొనవలెను. అమ్మిన మరునాడు మన మంచము ఎచ్చట వేసికొందుము? ఆ సొమ్ము ఎవరి పేర నుండును? కుమారుని ఇంటిలో మనకు నచ్చనిచో తిరిగి వచ్చుటకు ఒక గదియైన మిగులునా? ఈ ప్రశ్నలకు జవాబు దొరకిన గాని ధర మాట యెత్తకుడు. పరుగెత్తి అమ్మిన ఇంటిని నడచి వెళ్లి కొనలేము. ఇల్లు ఇంకను మీదై యున్నంతవరకు ఆలోచించుకొను హక్కు మీదే. ఆ హక్కును సంపూర్ణముగ వినియోగించుకొనుడు. సెలవు.